దొర్దోన్ నది ఒడ్డున పల్లెలో ఒక వారం: పెద్దవాళ్ళు, పిల్లలతో ఏం చూడొచ్చు, ఏం చేయొచ్చు?

రాజమండ్రి రైలు · మార్చి 9

అందరికీ నమస్కారం. మేము పారిస్ దక్షిణం వైపు మాసీలో ఉంటాం. అమ్మానాన్న మే నెలలో వస్తున్నారు. ఈఫిల్ టవర్, వెర్సాయ్ అన్నీ పోయినసారే అయిపోయాయి. "ఈసారి ఊళ్ళు చూపించరా, మ్యూజియంలు నా వల్ల కాదు" అని నాన్న ఫోన్‌లోనే చెప్పేశారు. పిల్లల బడి జూలై మొదటి వారంలో మూసేస్తారు కాబట్టి ఆ శనివారం నుంచి వారం రోజులు ఫ్రాన్స్ నైరుతిలోని దొర్దోన్ వైపు అనుకుంటున్నాం. అక్కడి లా రోక్ గజాక్ అనే ఊరి ఫొటో ఎక్కడో చూసి మా ఆవిడ ఉంటే అక్కడే ఉండాలంటోంది.

మా పరిస్థితి ఇదీ. నాన్నకి 71, చదునుగా ఉంటే గంటైనా నడుస్తారు, మెట్లంటే మాత్రం మోకాళ్ళు మొరాయిస్తాయి. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. పిల్లలు 11, 6. పెద్దాడికి పడవ నడపాలని, గుహలు చూడాలని పిచ్చి. చిన్నదానికి ఐస్‌క్రీం ఉంటే చాలు. ఇంతమందికీ కుదిరేలా వారం ఎలా గడపాలి? లాస్కో, పాదిరాక్ గుహలు, రొకమదూర్, సార్లా ఊళ్ళు, కోటలు అన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే పదహారు వచ్చాయి.

టులూజ్ తమ్ముడు · మార్చి 9

అన్నా, ఆ కాగితం చింపేసి మొదలుపెట్టండి. పదహారు చూడాలంటే వారమంతా కార్లోనే. ఆ ప్రాంతం అందమే నది ఒడ్డున ఊరికే కూచోడంలో ఉంది.

ముందు ఇల్లు సంగతి. లా రోక్ గజాక్ కొండరాతికి అతుక్కుని ఉన్న ఊరు. కింద రోడ్డు, రోడ్డు పక్కనే నది, పైన రాయి, మధ్యలో ఇళ్ళు. వెనక వరసలోని ఇంటికి వెళ్ళాలంటే రాళ్ళు పరిచిన నిట్ట సందులు ఎక్కాలి. నాన్నగారికి అది రోజూ నరకం. పైగా జూలైలో ఊరి మధ్యలోంచి పోయే ఆ ఒక్క రోడ్డూ కార్లతో నిండిపోతుంది. వెజాక్, వీత్రాక్, సెనాక్ వైపు చదునులో ఇల్లు తీసుకోండి, కారులో పది నిమిషాలే. లా రోక్ లోపల ఉంటే కనబడదు, నది అవతలి గట్టు నుంచో పడవలోంచో చూడాలి. ఊరు దక్షిణం వైపు తిరిగి ఉంటుంది కాబట్టి సాయంత్రం ఎండకి రాయంతా తేనె రంగుకి తిరుగుతుంది. అక్కయ్యకి ఫొటో కావాలంటే ఆ వేళకే వెళ్ళండి.

జూలై, ఆగస్టుల్లో జీత్‌లు (సెలవులకి అద్దెకిచ్చే పల్లె ఇళ్ళు) శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. మార్చి అంటే ఇప్పటికే ఆలస్యం, రేపే చూడండి.

హైవే బాబాయి · మార్చి 10

మాసీ నుంచి సార్లా సుమారు 530 కిలోమీటర్లు. ఎ10 హైవే ఎక్కి ఓర్లెయాన్ దాకా, అక్కణ్ణుంచి ఎ71, వియెర్జోన్ దగ్గర ఎ20. వియెర్జోన్ నుంచి బ్రీవ్ దాకా ఎ20కి టోల్ లేదు, చక్కటి రోడ్డు. సుయాక్ దగ్గర దిగితే నది వెంబడే వెళ్ళిపోవచ్చు. ఆరు గంటల ప్రయాణం, పెద్దవాళ్ళతో అయితే ఎనిమిది అనుకోండి. జూలై మొదటి శనివారం ఫ్రాన్స్ సగం రోడ్డు మీదే ఉంటుంది, తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే బతికిపోతారు. ఇంటి తాళాలు సాయంత్రం నాలుగు దాటాకే ఇస్తారు కాబట్టి దారిలో లిమోజ్‌లో ఆగి తినండి.

రైల్లో పోదామంటే పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి బోర్డోకి టీజీవీ (హైస్పీడు రైలు) రెండు గంటలు, అక్కడ నుంచి సార్లాకి చిన్న రైలు మరో రెండున్నర గంటలకు పైగా. ఆ చిన్న రైలు సెంతెమిలియోన్ ద్రాక్షతోటల మీదుగా వెళ్తుంది, బాగుంటుంది. కానీ దిగాక కారు లేకపోతే చేతులు కట్టేసినట్టే. బస్సుల్ని నమ్ముకోకండి.

పల్లె రోడ్ల మీద చాలాచోట్ల 80 పరిమితి. ఊళ్ళలో కుడివైపు సందులోంచి వచ్చేవాడికి దారివ్వాలి, బోర్డు లేకపోయినా సరే.

చెకుముకి రాయి · మార్చి 10

గుహల పేరెత్తారు కాబట్టి నేను ఆగను, క్షమించాలి.

ఆ చుట్టుపక్కల వెజేర్ లోయలోని ఆదిమానవుల స్థలాలను యునెస్కో 1979లోనే జాబితాలో చేర్చింది. మనం బడిలో చదువుకున్న క్రోమాన్యాన్ మానవుడు లెజెజీ ఊరివాడే. 1868లో అక్కడ రైలు మార్గం వేస్తూ తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. ఊళ్ళో జాతీయ పూర్వచరిత్ర మ్యూజియం ఉంది, మ్యూజియంలు వద్దన్న మీ నాన్నగారిని బలవంతపెట్టకండి.

ఆదిమానవుల బొమ్మల గుహ లాస్కో కథ: 1940 సెప్టెంబరు 12న మోంతిన్యాక్ ఊరి దగ్గర నలుగురు కుర్రాళ్ళు ఒక గుంతలోంచి లోపలికి దిగారు. యుద్ధం అయ్యాక 1948లో జనానికి తెరిచారు. రోజుకి వెయ్యి మందికి పైగా వచ్చి లోపల ఊపిరి వదులుతుంటే, ఆ తేమకీ బొగ్గుపులుసు వాయువుకీ గోడల మీద పచ్చటి పాచి పట్టింది. 1963లో అప్పటి సాంస్కృతిక మంత్రి మాల్రో మూయించేశాడు. వేల ఏళ్ళు నిలిచిన బొమ్మలు పదిహేనేళ్ళ టూరిజానికి తట్టుకోలేకపోయాయి. ఇప్పుడు మీరు చూసేది లాస్కో 4, 2016 డిసెంబరులో తెరిచారు. మొత్తం గుహని అచ్చుగుద్దినట్టు మళ్ళీ కట్టారు. ర్యాంపులే, మెట్ల బాధ లేదు, నాన్నగారికి సరిపోతుంది. ఇంగ్లీషు టూరు కొన్ని వేళల్లోనే ఉంటుంది, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి.

కానీ నా ఓటు దానికి కాదు. లెజెజీ దగ్గర ఫోం ద గోమ్ ఉంది. అక్కడివి అసలు బొమ్మలు. రంగులతో వేసిన అసలు అడవిదున్నల్ని ఇంకా జనానికి చూపించే గుహలు బహు తక్కువ. రోజుకి కొద్దిమందినే పంపుతారు, టికెట్లు చాలా ముందే అయిపోతాయి. లోపల ఇరుకు, గుహ దాకా కొంచెం ఎక్కాలి. మీ పెద్దాణ్ణి మీరొక్కరే తీసుకెళ్ళండి. గైడు దీపం పక్కకి జరిపితే దున్న మూపురం రాతి ఉబ్బులోంచి లేచి వస్తుంది. ఆ బొమ్మ వేసిన ఆదిమానవుడు రాతి ఒంపు చూసి బొమ్మ ఎక్కడ వేయాలో నిర్ణయించుకున్నాడు. కట్టుడు గోడ మీద ఎంత నేర్పుగా వేసినా అది రాదు.

నల్లమల నడక · మార్చి 10

చెకుముకి గారూ, ఆరేళ్ళ పాపకి ఫోం ద గోమ్ ఎందుకండీ? లాస్కో 4 నకలని తీసిపారేయకండి. అక్కడ చివర్లో ఒక్కో గోడనీ విడదీసి తలమీద వేలాడదీసి ఉంచారు, పిల్లలు దాని కింద పడుకుని మరీ చూస్తారు. అసలు గుహలో గైడు "ముట్టుకోవద్దు, ఆనుకోవద్దు" అనడంతోనే సగం సమయం పోతుంది.

చెకుముకి రాయి · మార్చి 10

అందుకే పెద్దాణ్ణి మాత్రమే అన్నాను.

సరే, ఇద్దరికీ రాజీ: రూఫిన్యాక్. ఎనిమిది కిలోమీటర్ల గుహ, లోపలికి చిన్న కరెంటు రైలు వెళ్తుంది. దాదాపు మెట్లు లేవు, గంట టూరు. వందకు పైగా మామత్ ఏనుగులు, నల్లటి గీతలతో, అవీ అసలువే. దారిలో గుహ ఎలుగుబంట్లు చలికాలం పడుకోడానికి తవ్వుకున్న గుంతలు, గోడల మీద వాటి గోళ్ళ గీతలు కనిపిస్తాయి. టికెట్లు ఆ రోజు అక్కడే ఇస్తారు, జూలైలో తలుపులు తెరిచేసరికి లైన్లో ఉండాలి. లోపల 13 డిగ్రీలు, బయట 35 ఉన్నా స్వెటర్ మర్చిపోకండి.

కందిపొడి · మార్చి 11

బోర్డో నుంచి. అమ్మగారి భోజనం గురించి ఎవరూ మాట్లాడలేదేం?

ఆ ప్రాంతం పేరే పెరిగోర్, అక్కడంతా బాతుల రాజ్యమే. బాతు మాంసం, బాతు కాలేయం, చివరికి వంట నూనె కూడా బాతు కొవ్వే. ముఖ్యంగా చెప్తున్నా: "పొమ్ సార్లదేజ్" అని మెనూలో బంగాళదుంపల వేపుడు కనిపిస్తుంది, వెల్లుల్లి, పార్స్‌లీ వేసి ఘుమఘుమలాడుతుంది. అది బాతు కొవ్వులో వేయిస్తారు. వెయిటర్ని "మాంసం ఉందా" అంటే లేదనే అంటాడు, ఆయన లెక్కలో కొవ్వు మాంసం కాదు. "పెరిగూర్దీన్ సలాడ్" అంటే ఆకుల మధ్య బాతు కందనకాయలు. మేక చీజ్ సలాడ్, వాల్‌నట్ కేకు అడగొచ్చు, కేకులో మాత్రం గుడ్డు ఉంటుంది. కాబట్టి మీ అమ్మగారికి బయట దొరికేది బ్రెడ్డు, చీజు, స్ట్రాబెర్రీలు, ఐస్‌క్రీంలో కూడా సోర్బే రకాలు. ఇంట్లో వండుకోవడమే దారి.

సార్లా శివార్లలో పెద్ద సూపర్ మార్కెట్లున్నాయి. బాస్మతి, ఎర్ర కందిపప్పు, పెరుగు, టమాటాలు, వంకాయలు అన్నీ దొరుకుతాయి. కరివేపాకు, చింతపండు, పచ్చళ్ళు, ఇంగువ మాసీ నుంచే పట్టుకెళ్ళండి. ఇల్లు బుక్ చేసేముందు స్టవ్ గ్యాసా ఇండక్షనా అని అడగండి. మన అల్యూమినియం కుక్కరు ఇండక్షన్ మీద పనిచేయదు. స్టీలు కుక్కరు తీసుకెళ్ళండి, లేదా రైస్ కుక్కరు.

ఇంకొకటి, మధ్యాహ్నం రెండు దాటితే రెస్టారెంట్లలో వంటగది మూసేస్తారు. రెండుంబావుకి వెళ్ళి బతిమాలినా కాఫీ తప్ప ఏమీ ఇవ్వరు. పల్లెల్లో ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా సగం దుకాణాలు మూతే. శనివారం దిగగానే సరుకులు తెచ్చేసుకోండి.

రాజమండ్రి రైలు · మార్చి 11

కందిపొడి గారూ, మీరు దేవత. బాతు కొవ్వు మాట అమ్మకి చెప్పలేదు, చెప్తే బంగాళదుంపే మానేస్తుంది.

వెజాక్‌లో ఒక ఇల్లు దొరికింది, కింది అంతస్తే, గ్యాస్ స్టవ్. ఇక పడవ సంగతి ఎవరైనా చెప్తారా? పెద్దాడికి ఈత వచ్చు, పాప ఇంకా నేర్చుకుంటోంది.

తెడ్డు · మార్చి 12

పడవ సంగతి నేను జెప్త. మేము వరంగల్ దోస్తులం ప్రతి ఎండాకాలం పోతం.

కనూ (తెడ్డేసే చిన్న పడవ) కంపెనీలు ఒడ్డంతా ఉంటయి. పద్ధతేందంటే, మీ కారు పడవ దిగే కాడ పెట్టాలె, వాళ్ళ బస్సుల ఎగువకు తీస్కపోయి నీళ్ళల్ల దింపుతరు, మీరు కిందికి కొట్టుకుంట వస్తరు. ప్రవాహమే తెస్తది, తెడ్డు దారి మార్చనీకే. సెనాక్ కాడ ఎక్కితె ముందు లా రోక్, దాని తర్వాత కుడిదిక్కు పైన మార్కెసాక్ తోటలు, ఎడమకు కాస్తెల్నో కోట, మళ్ళ కుడికి బేనాక్ కోట. బేనాక్ కాడ దిగుర్రి. నడుమ రాళ్ళ తిన్నెల మీద ఆగి తిని, కాళ్ళు కడుక్కొని, ఆరాం సే మూడు గంటలు. పొద్దుగాల తొమ్మిదిన్నరకు నీళ్ళల్ల దిగితె నదంతా మీ సొంతమే. పన్నెండు తర్వాత రంగురంగుల పడవలు ఒకదానికొకటి గుద్దుకుంటయి.

పాప విషయం గట్టిగ జెప్తున్న. ఈత రానోళ్ళను ఎక్కించరు, కంపెనీని బట్టి అయిదో ఆరో ఏండ్లు నిండాలె. ఎక్కిస్తమన్నా మీరు ఒప్పుకోవద్దు. నీళ్ళు మోకాలు దాకా ఉన్నట్టే ఉంటయి, రెండు అడుగులేస్తె గుండె లోతు. ఎగువన అర్జాంతా దిక్కు కరెంటు డ్యాములున్నయి, నీళ్ళు వదిలితె మట్టం లేస్తది, ఒడ్డున బోర్డులు చూడుర్రి. లైఫ్ జాకెట్ బెల్టు మీ చేతులతో గుంజి చూడుర్రి. ఫోన్లు, కారు తాళం వాళ్ళిచ్చే ప్లాస్టిక్ డబ్బాల వేసి మూత బిగించి పడవకు కట్టుర్రి. ఒట్టిగ పెడితె గయా.

పాపకు నీళ్ళాట కావాలంటె కాస్తెల్నో కింద సెఊ అని చిన్న ఏరు కలుస్తది. తేటగ, చల్లగ, లోతు తక్కువ. మేమైతె కనూ అయినంక అక్కడనే పడి ఉంటం.

టులూజ్ తమ్ముడు · మార్చి 12

పాప, అమ్మానాన్నలకి గబార్ ఉంది కదా. లా రోక్ రేవు నుంచే బయల్దేరుతుంది, గంటకి కాస్త తక్కువ. అడుగు చదునుగా ఉండే చెక్క పడవ. ఒకప్పుడు ఇవే ఎగువ అడవుల నుంచి కలప, పీపాల చెక్కలు వేసుకుని బెర్జరాక్ దాకా, ఇంకా కిందికి వెళ్ళేవి. తిరిగి ఎదురెక్కలేవు కాబట్టి ఎగువ నుంచి వచ్చిన వాటిని కింద ఊళ్ళలోనే విప్పేసి కలపగా అమ్మేసేవారు. పడవవాళ్ళు నడుచుకుంటూ ఇంటికి. వ్యాఖ్యానం ఫ్రెంచిలో ఉంటుంది, ఇంగ్లీషు ఆడియో అడగండి.

ఆ రేవు నుంచి తలెత్తి చూస్తే కొండలో ఒకచోట రాయి రంగు లేతగా ఉంటుంది. 1957 జనవరి 17న అక్కడి నుంచి ఒక పెద్ద రాతి పెళ్ళ విరిగి ఊరి మీద పడింది. ముగ్గురు పోయారు, ఇళ్ళు నేలమట్టమయ్యాయి. ఫొటోల్లో అందంగా కనిపించే ఆ రాతి కింద ఊరివాళ్ళు ఇప్పటికీ కాపురాలు చేస్తున్నారు. కొండ ఎండని పట్టి ఉంచుతుంది కాబట్టి చర్చి పక్క దారిలో తాటిజాతి చెట్లు, వెదుళ్ళు, అరటి కూడా పెరుగుతాయి. అమ్మగారికి నచ్చుతుంది, ఆ సందు పెద్ద నిట్టగా కూడా ఉండదు.

వేదిక కాపలా · మార్చి 13

విజిటర్ వీసా ఇన్సూరెన్సు గురించి వచ్చిన ప్రశ్నలు వేరే చర్చకి మార్చాను. ఇక్కడ దొర్దోన్ మాత్రమే.

నల్లమల నడక · మార్చి 14

కోటల మాటకి వస్తాను. బేనాక్, కాస్తెల్నో నదికి చెరో ఒడ్డున ఎదురెదురుగా ఉంటాయి. నూరేళ్ళ యుద్ధంలో (1337–1453) బేనాక్ ఫ్రెంచి రాజు పక్షం, కాస్తెల్నో ఎక్కువకాలం ఇంగ్లీషువాళ్ళ పక్షం. పొద్దున్నే కిటికీ తీస్తే శత్రువు కిటికీ కనిపిస్తుంది. రెండూ చూడక్కర్లేదు. పిల్లలున్నారు కాబట్టి కాస్తెల్నో. అక్కడ మధ్యయుగపు యుద్ధాల మ్యూజియం ఉంది, రాళ్ళు విసిరే పెద్ద పెద్ద యంత్రాలు బురుజు మీద నిలబెట్టారు, ఎండాకాలం పనిచేయించి చూపిస్తారు. నాన్నగారికి లోపల మెలికల మెట్లు కుదరవు, కింద ఊళ్ళో కాఫీ కొట్టు దగ్గర నీడ ఉంది.

ఆయనకి మార్కెసాక్ రాసిపెట్టినట్టుంటుంది. 22 హెక్టార్లు, లక్షన్నర బాక్స్‌వుడ్ పొదల్ని చేత్తో గుండ్రంగా కత్తిరించి పెంచిన తోట. చివర్లో నది మీద 130 మీటర్ల ఎత్తున అంచు, అక్కణ్ణుంచి లా రోక్ మొత్తం కాళ్ళ కింద. దారి చదునే, అలిసిపోతే చిన్న ఎలక్ట్రిక్ బండి ఉంటుంది, గేటు దగ్గర అడగండి. జూలై, ఆగస్టుల్లో గురువారం రాత్రి రెండు వేలకు పైగా కొవ్వొత్తులు వెలిగిస్తారు. వారం మొత్తంలో ఒక్కటే చేయాలంటే నేనైతే అదే. కాస్తెల్నోతో కలిపి టికెట్ తీసుకుంటే తగ్గుతుంది.

నడక కావాలంటే ఆ ప్రాంతమంతా గుర్తులు పెట్టిన కాలిబాటలే. పసుపు గీత అంటే ఊరి చుట్టూ తిరిగి వచ్చే చిన్న దారి, తెలుపు ఎరుపు గీతలంటే దూరం పోయే పెద్ద దారి. గీతలు ఇంటూ గుర్తులా కనిపిస్తే దారి తప్పారన్నమాట, వెనక్కి రండి. పొడుగు గడ్డిలో నడిచొస్తే రాత్రి పిల్లల మోకాళ్ళ వెనక, చంకల్లో పిడుదులు చూసుకోండి.

సైకిలంటే సార్లా నుంచి కార్సాక్ మీదుగా పాత రైలు పట్టాల స్థానంలో వేసిన దారి ఉంది, కార్లు రావు, ఎత్తుపల్లాలు తక్కువ.

హైవే బాబాయి · మార్చి 14

డోమ్ మర్చిపోయారు. 1281లో రాజు మూడో ఫిలిప్ కట్టించిన కోటఊరు, కారు గోడల దాకా పోతుంది. చివరి అరుగు మీద నిలబడితే లోయంతా కనిపిస్తుంది, ఒక్క మెట్టు ఎక్కక్కర్లేదు. పిల్లలకి చెప్పడానికి కథ: ఆ కొండవైపు ఎవరూ ఎక్కలేరులే అని గోడ కట్టలేదు. 1588లో ప్రొటెస్టెంట్ కెప్టెన్ వివాన్స్ రాత్రిపూట ముప్పైమందితో ఆ రాతి మీదే పాక్కుంటూ వచ్చి ఊరు పట్టేశాడు.

తెడ్డు · మార్చి 14

పాదిరాక్ ఎవరూ జెప్పరేంది? 75 మీటర్ల బొక్క, కింద నది, దాని మీద పడవ. 1889ల మార్తెల్ అనేటాయన తాడు పట్టుకొని దిగిండు.

చెకుముకి రాయి · మార్చి 14

చూడదగ్గదే. కానీ సార్లా నుంచి గంటకు పైగా దారి, ముందే టికెట్ వేళ తీసుకోవాలి, లిఫ్టులున్నా పడవ దిగాక లోపల మెట్లు చాలానే ఉన్నాయి. నాన్నగారితో కష్టం. రూఫిన్యాక్ చూస్తే ఈసారికి చాలు. రొకమదూర్‌తో కలిపి ఇంకోసారి పెట్టుకోండి.

కందిపొడి · మార్చి 15

మిలాండ్ కోట కూడా ఒక పూట. జోసఫిన్ బేకర్ ఇల్లు. అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి నర్తకి, యుద్ధంలో ఫ్రెంచి ప్రతిఘటన దళాలకి గూఢచారిగా పనిచేసింది. 1947లో ఈ కోట కొని, వేర్వేరు దేశాల నుంచి పన్నెండుమంది పిల్లల్ని తెచ్చి పెంచుకుంది. ఆ ఖర్చుకే చితికిపోయింది. 1969లో బయటికి గెంటేస్తే వంటింటి మెట్ల మీద కూచున్న ఫొటో అక్కడ ఉంటుంది. 2021 నవంబరు 30న అదే దేశం ఆమెకి పారిస్‌లోని పాంథియోన్‌లో (దేశ మహనీయుల స్మారక మందిరం) చోటిచ్చింది. గదుల్లో ఆమె దుస్తులు, డ్యాన్సులో కట్టుకున్న అరటిపళ్ళ నడుంపట్టీ కూడా ఉన్నాయి. బయట డేగల్ని ఎగరేసి చూపిస్తారు, పిల్లలకి అది.

సార్లా సంతకి బుధవారం వెళ్ళండి, తొమ్మిదిలోపు. శనివారం సంత ఇంకా పెద్దది, కానీ మీరు ఆ రోజే రాకపోకల్లో ఉంటారు. పాత చర్చిని జాన్ నువెల్ అనే ఆర్కిటెక్టు మార్కెట్‌గా మార్చాడు. ఆ ఇనుప తలుపులు చూడండి, ఏనుగు వెళ్ళొచ్చు. కొట్లోకి అడుగు పెట్టగానే "బోంజూర్" అనకుండా ధర అడిగితే ముఖం మాడ్చుకుంటారు. పారిస్‌లో చెల్లుతుందేమో, అక్కడ చెల్లదు.

రాజమండ్రి రైలు · జూలై 19

వెళ్ళొచ్చాం. ముందు అందరికీ నమస్కారాలు, తర్వాత ఉన్నదున్నట్టు.

పదహారులో ఆరే చూశాం. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇల్లు, సాయంత్రం నది. రెండో రోజు 37 డిగ్రీలు దాటింది. రాతి ఇల్లు కాబట్టి చెక్క తలుపులు మూసుకుంటే ఏసీ లేకపోయినా ఓర్చుకోగలిగాం. మధ్యాహ్నం బయట తిరిగినవాళ్ళంతా వంకాయల్లా మాడిపోయి వస్తున్నారు.

రూఫిన్యాక్‌లో నాన్న మొత్తం టూరులో ఒక్కసారే నోరు తెరిచారు. గైడు రైలు ఆపి పైకప్పు మీద దీపం వేసింది. ఒకదాని మీద ఒకటి మామత్‌లు, గుర్రాలు, మేకలు. ఒక మామత్ కన్ను ఎంత చిన్నగా, ముసలిగా ఉందంటే... "ఇది చూసి వేసిందిరా, ఊహించి వేసింది కాదు" అన్నారు. ఫోం ద గోమ్ టికెట్లు దొరకలేదు, పెద్దాడు అలిగాడు. లాస్కో 4లో ఆ అలక తీరింది. నల్లమల గారు చెప్పినట్టే నేల మీద పడుకుని చూశాడు.

కనూలో నేనూ పెద్దాడూ. ముందు కూచున్నవాడు తెడ్డు ఎడమకి వేస్తే పడవ కుడికి పోతుందని వాడికి ఎక్కడానికి లా రోక్ దాకా పట్టింది. బేనాక్ దగ్గర దిగే రేవు కనిపెట్టి ముందే ఒడ్డు పట్టుకోవాలి. మా ముందు జంట దాటిపోయి, నడుం లోతు నీళ్ళలో పడవ లాక్కుంటూ వచ్చారు. మిగతావాళ్ళు అదే వేళకి గబార్‌లో వెళ్ళి లా రోక్ ముందు మాకు ఎదురయ్యారు. పాప లేచి నిలబడి అరుస్తుంటే పడవ మొత్తం మాకు చేతులూపింది.

అమ్మకి నచ్చింది సంత. స్ట్రాబెర్రీలు రుచి చూసి రెండు డబ్బాలు, ఎండు వెల్లుల్లి జడ ఒకటి. రాత్రి సంత కూడా దొరికింది, పక్క ఊళ్ళో. చౌకులో పొడుగు బల్లలు వేస్తారు, చుట్టూ కొట్లు, ఎవరికి కావలసింది వాళ్ళు కొనుక్కుని బల్ల దగ్గర తింటారు. జనం ఇంటి నుంచి పళ్ళేలు, చాకులు, బల్ల మీద పరిచే గుడ్డతో సహా తెచ్చుకున్నారు. అమ్మ ధైర్యం చేసి పులిహోర డబ్బా తీసింది. పక్కనున్న ముసలావిడ రుచి చూసి ఇంకో చెంచా పెట్టించుకుంది.

ఎవరూ చెప్పనిది ఒకటి: సెంత్ నతలేన్‌లో నీటి చక్రంతో తిరిగే వాల్‌నట్ నూనె మిల్లు. నాన్నవాళ్ళ తాతకి గానుగ ఉండేది. రాతి చక్రం కింద పప్పు నలగడం, ఆ ముద్దని కట్టెల పొయ్యి మీద మూకుడులో వేయించడం, గుడ్డలో చుట్టి మరలో బిగించడం, చివర్లో నూనె పోయి మిగిలిన చెక్కని పక్కకి తీయడం చూస్తూ అక్కడే ఉండిపోయారు. ఆ చెక్క ముక్క విరిచి వాసన చూశారు. మిల్లాయనకి తెలుగు రాదు, నాన్నకి ఫ్రెంచి రాదు, అయినా అరగంట మాట్లాడుకున్నారు. నేను మధ్యలో దూరలేదు. నూనె తెచ్చుకునేవాళ్ళకి మాట: వేడి చేస్తే చేదెక్కుతుంది, సలాడ్ మీదో పచ్చడి మీదో పోసుకోవాలి.

మార్కెసాక్ కొవ్వొత్తుల రాత్రి బాగుంది, కానీ జనం. ఏడింటికి తలుపు తీయగానే వెళ్ళి, వెలుగుండగా చివరి అంచు దాకా నడిచి, చీకటి పడుతుండగా వెనక్కి వస్తే రెండూ దక్కుతాయి. పదింటికి వచ్చినవాళ్ళు పార్కింగ్ దగ్గరే ఇరుక్కున్నారు.

కాస్తెల్నో మా ఆవిడకి, పిల్లలకి నచ్చింది. డోమ్‌లో ఐస్‌క్రీం తిన్నాం. అంతే.

కందిపొడి · జూలై 19

పులిహోర ఫొటో ఏదండీ?

లండన్ లంకవాసి · జూలై 22

చర్చంతా చదివాను, చాలా ఉపయోగం. మాకు అక్టోబరు చివర్లో హాఫ్ టర్మ్ సెలవులు. ఇద్దరం, ఎనిమిదేళ్ళ బాబు. అప్పుడు వెళ్తే ఏమైనా తెరిచి ఉంటాయా? నడక మాకు ఇష్టం.

నల్లమల నడక · జూలై 22

నడిచేవాళ్ళకి జూలై కన్నా అదే మేలు. ఓక్ అడవులు రంగు మారుతుంటాయి, వాల్‌నట్లు అప్పుడే రాల్చి ఏరుతుంటారు, సంతలో పుట్టగొడుగులు గుట్టలుగా ఉంటాయి. కాస్తెల్నో, బేనాక్, మార్కెసాక్ ఏడాదంతా తెరిచే ఉంటాయి, వేళలు మాత్రం తగ్గుతాయి. కనూలు చాలామటుకు సెప్టెంబరుతో సర్దేస్తారు. రూఫిన్యాక్ చలికాలం మూసేస్తారు, తేదీలు చూసుకుని వెళ్ళండి. ఫ్రెంచి బడులకీ అప్పుడే సెలవులు, కాబట్టి ఇల్లు ముందే పట్టుకోండి, హీటింగ్ ఛార్జీ అద్దెలో ఉందో లేదో అడగండి.

ఒక్క జాగ్రత్త: అది వేట కాలం. అడవి దారి మొదట్లో వేట జరుగుతోందని బోర్డు పెట్టి ఉంటే ఆ పూట అటు వెళ్ళకండి. ముదురు రంగు కోట్లు వద్దు, నారింజ రంగు జాకెట్ బాబుకి కూడా వేయండి.

హైవే బాబాయి · జూలై 23

లండన్ నుంచి బెర్జరాక్‌కి నేరుగా విమానాలున్నాయి, చలికాలం దగ్గరపడేకొద్దీ తగ్గిపోతాయి, కాబట్టి తిరుగు టికెట్ తేదీ ముందు చూడండి. అక్కడి నుంచి సార్లా గంటన్నర లోపు. ఆటోమేటిక్ కారు కావాలంటే ఇప్పుడే బుక్ చేసేయండి, చిన్న విమానాశ్రయం, గేరు బండ్లే ఎక్కువ.